చెవులపిల్లి, ఏడో సంచిక

చెవులపిల్లి బొమ్మల కథల పుస్తకం ఏడో సంచిక జులై రెండో శనివారం పోస్టులో వచ్చింది. వేముల ఆమని కవరు చింపి, గడప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పదకొండో పేజీలో మూడో బొమ్మ దగ్గర ఆగింది. ఆ పేజీని మళ్లీ మొదటినుంచి చదివింది.

బొమ్మలో చెవులపిల్లి ఒక గోదాము గోడకు చెవి ఆనించి ఉంది. చెవులపిల్లికి పద్నాలుగేళ్లు. మామూలప్పుడు బడికి పోతుంది. ముసుగు వేసుకుంటే గోడల అవతలి చప్పుళ్లు వింటుంది. ఆరు సంచికల్లో ఆమె ఇద్దరు దొంగలను, కల్తీ మందులమ్మే ఒక వ్యాపారిని పట్టించింది. ఈసారి గోదాములో ఎవరో దాక్కున్నారని ఆమె అనుమానం. బొమ్మకు కుడివైపు పైన ఆమె మాట: "లోపల అమ్మింట వినిపిస్తోంది. కరెంటు ఉంది."

అమ్మింట అంటే అమ్మ ఇంట్లో అని ఎవరైనా అనుకుంటారు. దానికీ కరెంటుకూ సంబంధమేమిటో అర్థం కాదు. ఆ సంబంధం తెలిసినవాళ్లు ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ హనుమకొండలో ఒకే ఇంట్లో ఉంటారు.

ఆమనికి పుట్టుకనుంచి వినబడేది కాదు. ఆరో ఏట హైదరాబాదులోని ఒక ల్యాబ్ ఆమెకు కుడిచెవి వెనక ఆపరేషన్ చేయించింది. తల లోపల ఒక తీగ. బయట జుట్టులో అయస్కాంతంతో అంటుకునే బిళ్ల. చెవి మీద మైకు. ఇంట్లో దాన్ని ఆమని మిషను అంటారు. తల్లి స్వరూప బట్టలు కుట్టేది అమ్మ మిషను. చెవి మిషన్లు అంతకుముందూ ఉన్నాయి. అవి చప్పుడును నరంలోకి పంపి ఊరుకుంటాయి. ఇది నరం ఇచ్చే జవాబును కూడా వింటుంది. ఆ జవాబును బట్టి తనను తాను సరిచేసుకుంటుంది. ఇంకా ప్రయోగంలోనే ఉంది. దాన్ని పెట్టుకున్న పిల్లలు 212 మంది. ఆమని నంబరు 117.

తండ్రి ఓదెలు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. మిషను పెట్టిన మూడో నెలలో బిడ్డను డ్యూటీకి తీసుకుపోయాడు. ఆమె ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి, ఈ గుయ్‌మనే చప్పుడేమిటని చేత్తో అడిగింది. "హమ్మింగ్ బిడ్డా" అన్నాడు ఓదెలు. ఆమెకు అమ్మింట అని వినబడింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఫ్రిజ్ అమ్మింట చేసేది. ఓల్టేజి పడిపోతే ఫ్యాన్ అమ్మింట చేసేది. స్వరూప, ఓదెలు కూడా అలాగే అనేవాళ్లు. ఏడో తరగతిలో సైన్సు సారు బోర్డు మీద హమ్మింగ్ అని రాసినప్పుడు ఆమనికి సంగతి తెలిసింది. ఇంటికొచ్చి, ఇక ఆ మాట అనొద్దని ఇద్దరికీ చెప్పింది. రెండేళ్లుగా ఎవరూ అనలేదు.

చెవులపిల్లి పుస్తకం పంపేది ల్యాబే. జనవరినుంచి నెలకొకటి వస్తోంది. వెనక అట్ట మీద ఒకే వాక్యం ఉంటుంది: మిషను పెట్టుకుని చదవండి. క్లాసువాళ్లు దాన్ని ఆమని సంచిలో చూశారు. "చెవులపిల్లి వచ్చింది, మెల్లగ మాట్లాడుండ్రి" అని అప్పటినుంచి మెల్లగా అంటున్నారు. అదీ ఆమెకు వినబడుతోంది.

ఆమె పుస్తకం పట్టుకుని లోపలికి పోయింది. స్వరూప జాకెట్టు కుడుతోంది.

"అమ్మా, ప్రణతి మేడంకు అమ్మింట సంగతి చెప్పినవా?"

ప్రణతి ల్యాబ్‌లో ఆమని మిషను చూసే నిపుణురాలు. మొదటినుంచీ ఆమే.

స్వరూప పాదం ఆగింది. "గా మాట అనుడే బందైపాయె. నేనెందుకు చెప్త?"

"నోట్‌బుక్కుల రాసినవా?"

ల్యాబ్‌కు పోయినప్పుడల్లా స్వరూప ఒక నోట్‌బుక్ తీసుకుపోవాలి. బిడ్డ నేర్చిన మాటలన్నీ అందులో ఉండాలి. ఎనిమిదేళ్లలో పదకొండు నోట్‌బుక్కులయ్యాయి.

"తప్పు మాట రాస్తే మేడం నన్నే అంటదని రాయలేదే. ముద్దుకు నేను కూడ అన్ననని తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?" స్వరూప దారం తెంపింది. "మీ బాపునడుగు. ఆయన కడుపుల మాట దాగుతదా?"

ఓదెలు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాడు. పేజీ చూశాడు.

"నేనా? షిఫ్టుల ఒక్కన్నే ఉంట. ఎవలికి చెప్పాలె, ట్రాన్స్‌ఫార్మర్‌కా?"

"మరి ఎట్ల తెల్సింది?"

"మీ అమ్మ ఆ మేడంతోని ఫోన్ల గంట గంట మాట్లాడుతది. నోరు జారిందేమో."

"నేను జారలే" అంది స్వరూప వంటింట్లోంచి. "నువ్వే జారినవ్. జారి నా మీదికి తోస్తున్నవ్."

ఆ వారం ఆ ఇంట్లో ముగ్గురూ అవసరమైనంతే మాట్లాడుకున్నారు.

ఎవరు చెబుతున్నారో తేల్చడానికి ఆమని ఒక పద్ధతి ఆలోచించింది. నాలుగు చప్పుళ్లకు నాలుగు పేర్లు పెట్టింది. ఒక్కో పేరు ఒక్కరికే చెప్పాలి. ఏ పేరు పుస్తకంలో కనబడితే ఆ మనిషే.

రేకుల మీద వాన పడుతున్నప్పుడు తల్లి దగ్గరికి పోయింది. "అమ్మా, వాన తప్పిలి చేస్తున్నది."

"తప్పిలా?" స్వరూప రేకులవైపు చూసింది. "మంచిగుంది పేరు. తప్పిలి."

బస్సు ఆగినప్పుడు వచ్చే చప్పుడు ఫుస్కారి అని బస్టాండులో తండ్రికి చెప్పింది. ఓదెలు నవ్వి, మరుసటి బస్సు ఆగేదాకా నిలబడి విన్నాడు. నెలకోసారి ప్రణతి వీడియో కాల్ చేస్తుంది. ఈల వేసేముందు కుక్కర్ సుయ్యక్క అంటుందని ఆమెకు చెప్పింది.

"ఆ మాట లేదమ్మా. బుస్సుమంటుంది అనాలి" అని ప్రణతి కిందికి చూసి ఏదో రాసుకుంది. ఆమని ఆ పెన్ను కదలడం చూసింది.

నాలుగో పేరు క్లాసులో ఒకమ్మాయికి చెబుదామనుకుంది. తరవాత ఆ అమ్మాయి మీదా నమ్మకం కుదరలేదు. పేరు మిగిలిపోయింది. బిళ్ల తలకు అంటుకున్నాక, వినబడడం మొదలయ్యేముందు మూడు టిక్కులు వస్తాయి. అవి బయటికి వినబడవు. వాటికి ఆమె పెట్టుకున్న పేరు పిట్టమెట్లు. కాగితం మీద రాయలేదు. నోటితో అనలేదు.

ఎనిమిదో సంచికలో ఏదీ లేదు. తొమ్మిదోది సెప్టెంబరులో వచ్చింది. ఆమని ముందు తప్పిలి కోసం వెతికింది. లేదు. ఫుస్కారి లేదు. సుయ్యక్క లేదు. నాలుగో పేజీలో చెవులపిల్లి ముసుగు వేసుకుంటోంది. కుడివైపు పైన రాసి ఉంది: "పిట్టమెట్లు వినబడ్డాయి. లోకం తెరుచుకుంది."

ఆమె బిళ్ల లాగి, చెవి మీది ముక్క తీసి మంచం మీద పెట్టింది. వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని, బియ్యం డబ్బా పక్కన కూర్చుంది.

స్వరూప వచ్చి తలుపు తీసింది. ఆమె పెదాలు కదిలాయి. ఆమని వాటిని చదివింది. మిషను ఎక్కడ అని అడుగుతోంది.

ఆమని చెప్పింది. తన గొంతు తనకు వినబడకపోవడంతో గట్టిగా చెప్పింది. నాలుగు పేర్ల సంగతి, ఎవరికి ఏది చెప్పిందీ, మిగిలినది ఎవరికీ చెప్పకపోవడం.

"నోటితోని అనలేదమ్మా. మనసుల అనుకున్న. అమ్మింట కూడ అంతే. మీరు బంద్ చేసిన్రు. నేను లోపట అంటనే ఉన్న."

స్వరూప నేల మీద కూర్చుంది. కాసేపటికి ఆమె పెదాలు మళ్లీ కదిలాయి. ఆమని రెండుసార్లు చెప్పించుకుంది.

"అయితే తప్పిలి నాకు పెట్టిన పరీక్షా?"

"ఊఁ."

"వాన పడ్డప్పుడల్ల నేను గా మాటనే అనుకుంటున్న" అంది స్వరూప.

పుస్తకం చివరి పేజీలో ప్రెస్ పేరు ఉంది. ఓదెలు అక్కడికి ఫోన్ చేసి బొమ్మలు వేసే మనిషి అడ్రసు కనుక్కున్నాడు. ఆదివారం తండ్రీకూతుళ్లు హైదరాబాదు బస్సెక్కారు. బడిలో, బస్సులో మిషను లేకుండా కుదరదు. పెట్టుకున్నంతసేపూ, ఇంకో మాట అనుకోకుండా ఆమని మనసులో పదమూడో ఎక్కం చదువుతూ ఉంది. పదమూడు పదమూళ్లు నూట అరవై తొమ్మిది దగ్గరికి వచ్చాక మళ్లీ మొదటికి పోయేది.

దేవసహాయం గుంటూరు మనిషి. ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాడు. రాంనగర్‌లో రెండో అంతస్తు. తలుపు తీసి ఆమని చెవివైపు చూశాడు.

"చదివే పిల్లని చూడటం ఇదే మొదటిసారి పాపా. రండి, కూర్చోండి. బాగుందా పుస్తకం?"

"మాటలు ఎవరు రాస్తరు?" అంది ఆమని.

"కథ నాదే. మాటలు చాలావరకు నావే. మధ్యలో కొన్ని వాళ్లు పంపిస్తారు. నేను తెలివిగల పిల్లలెవరో రాస్తున్నారనుకున్నా. నాకు పుట్టే మాటలు కావవి."

అతను బల్ల సొరుగులోంచి కాగితాలు తీశాడు. తొమ్మిదో సంచికకు ల్యాబ్ పంపిన షీటులో ఏడు మాటలున్నాయి. ఒక్కోదాని చుట్టూ ఎర్రగీత. పైన సూచన: మాట మార్చరాదు. బొమ్మలో కుడివైపు పైన, ఒంటరిగా ఉండాలి. అంచున నంబర్లు. పిట్టమెట్లు పక్కన 117.

"ఏంది గీ నంబరు?" అన్నాడు ఓదెలు.

"పేజీ కొలతలేమో అనుకున్నానండీ."

ఓదెలు జేబులోంచి ఆమని మిషను కార్డు తీసి షీటు పక్కన పెట్టాడు. దేవసహాయం రెండూ చూసి కళ్లజోడు తీశాడు.

"నాకూ ఒక అనుమానం ఉందండీ. ప్రతి సంచికా రెండొందల పన్నెండు కాపీలే వేయిస్తారు. అంత తక్కువకి ఎవరూ ప్రెస్ ఎక్కించరు. అడిగితే, ఎక్కువ అక్కర్లేదన్నారు."

"మరి అట్ట మీద గా ముక్క? మిషను పెట్టుకుని చదువుమని? చదువుటానికి చెవులెందుకు?"

"అదీ వాళ్లు పంపిందేనండీ" అన్నాడు దేవసహాయం. "నేను అడగలేదు. అడగాల్సింది."

ల్యాబ్‌లో వాళ్ల తారీకు అక్టోబరు ఐదు. పద్నాలుగు నిండిన పిల్లలు ప్రయోగంలో కొనసాగాలంటే తామూ సంతకం చేయాలి. అంతవరకు తల్లిదండ్రుల సంతకం సరిపోయేది. ముగ్గురూ కలిసి పోయారు. ప్రణతి గది తలుపు తెరిచే ఉంది. బల్ల ముందు ఎప్పుడూ రెండు కుర్చీలుంటాయి. ఆ రోజు మూడున్నాయి.

"ముగ్గురూ వస్తారని తెలుసు" అంది ప్రణతి.

"ఎట్ల తెల్సు?" అన్నాడు ఓదెలు.

ప్రణతి ఆమని చెవివైపు చూసింది.

ఆమె దాచలేదు. మనిషి మనసులో మాట అనుకున్నప్పుడు చెవి నరంలో కొద్దిపాటి కదలిక వస్తుందని నాలుగేళ్ల కిందట ఈ మిషన్ల వల్లే తెలిసింది. పిల్లలు బిగ్గరగా అన్న మాటలు మైకులో వస్తాయి, ఆ సమయానికి నరం కదలిక ఎలా ఉందో తెలుస్తుంది. రెంటినీ ఏళ్ల తరబడి పోల్చి, కదలికనుంచి మాటను చదవడం కంప్యూటరుకు నేర్పారు. సరిగ్గా చదివిందో లేదో ఎలా తెలుసుకోవాలి? పిల్లలను అడిగితే జాగ్రత్తపడతారు. చదివిన మాటను పుస్తకంలో పెడితే, తన మాట కనబడగానే ఆ బిడ్డ నరం ఒక్కసారిగా ఎగురుతుంది.

"మరి తప్పిలి ఎందుకు రాలే?" అంది ఆమని. "మూడు మాటలు ఏసిన. ఒక్కటి రాలే."

"పైకి అన్న మాట మైకులోనే వస్తుంది. దాంతో పరీక్ష చేయలేం. అనని మాటే కావాలి. అమ్మింట రెండేళ్లుగా నువ్వు పైకి అనలేదు." ప్రణతి కొంచెం ముందుకు వంగింది. "పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లున్నారు ఆమనీ. లోపల అన్నీ ఉంటాయి, బయటికి ఒక్క ముక్క రాదు. మీ వల్ల రేపు వాళ్లు మాట్లాడతారు."

"వాళ్లను అడిగి చెయ్యుండ్రి."

"మీ అమ్మానాన్నల సంతకం ఉంది. నరం స్పందనలను అధ్యయనానికి వాడతామని తొమ్మిదో పేజీలో రాశాం."

"స్పందనలంటే గిదని ఎవలికి తెలుసు మేడం?" అంది స్వరూప. "చప్పుడు వినబడ్తదన్నరు. పెట్టినం."

ఆమని తన పట్టిక చూపించమంది. ప్రణతి ఒక నిమిషం ఆలోచించి తెర మీద తెరిచింది. తారీకు, గంట, మాట. సెప్టెంబరు సగంనుంచి వరుసగా పదమూడో ఎక్కమే ఉంది. ఓదెలుకు నవ్వు వచ్చి ఆపుకున్నాడు. ప్రణతి జులై దాకా వెనక్కి జరిపింది.

జులై 11, 16:20: అమ్మనే చెప్పింది. జులై 11, 19:05: అమ్మ అబద్ధమాడుతున్నది. జులై 12, 07:40: అమ్మకు నాకన్న మేడం ఎక్కువ. అలాంటివి ఆగస్టు చివరిదాకా ఉన్నాయి. ఓదెలు మీద పదో పన్నెండో ఉన్నాయి.

స్వరూప ఒక్కో వరుసా చదివింది. ఆమె చదువు ఏడో తరగతిదాకే. నిదానంగా చదువుతుంది. ప్రణతి పట్టిక మూయబోతే చేయి పట్టుకుని ఆపింది. అన్నీ చదివాక కుర్చీలో వెనక్కి జరిగింది.

"అమ్మా" అంది ఆమని.

"ఏం కాదు. నేను కూడ నిన్ను శానా అనుకున్న. నాకు మిషను లేదు గంతే."

ఓదెలు ప్రణతిని అడిగాడు. "అది వినుడు బంద్ చేసి, ఉత్త చప్పుడు రానియ్యరాదా మేడం?"

"ఈ మోడల్‌కి కుదరదండీ. నరం జవాబును బట్టే రోజూ సరిచేసుకుంటుంది. అది ఆపితే నెలన్నరలో చప్పుళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి."

"ఎడమ చెవికి మామూలుది పెట్టిస్తే?"

"ఆ చెవి ఎప్పుడూ విననే లేదు. ఈ వయసులో మొదలుపెడితే మాటలు తెలియవు. నేను ఆశ పెట్టలేను."

ప్రణతి కాగితం ఆమని ముందుకు జరిపింది. కింద రెండు గళ్లున్నాయి. ఒకటి తల్లిదండ్రులది, ఒకటి ఆమెది. సంతకం ఉంటే మిషను ఇలాగే నడుస్తుంది, ఇలాగే వింటుంది. లేకపోతే మిషను వెనక్కి ఇచ్చేయాలి.

స్వరూప పెన్ను తీసుకుని ముందు తన గడిలో పెట్టింది. తరవాత పెన్ను బిడ్డ చేతికిచ్చింది.

"పెట్టు."

"అమ్మా, అన్నీ ఇంటరు."

"ఇననీ. మనమేం దొంగతనం చేస్తున్నమా? నువ్వు ఆరేండ్లదాంక నేను అమ్మనని పిలుస్తె తిరగలే. ఎనకకెళ్లి లారీ వస్తె తెల్వది నీకు. మళ్ల అట్లనే అయితవా? నీ గొంతు నీకు ఇనబడద్దా?"

ఆమని తండ్రివైపు చూసింది. ఓదెలు అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

"నీ గడి బిడ్డా. అందుల నేను పెట్టేది లేదు" అన్నాడు.

"ఇవాళే తేల్చక్కర్లేదు" అంది ప్రణతి. "ఇంటికి వెళ్లి వారం ఆలోచించుకో."

"ఆలోచిస్తె మీకు తెలుస్తది కద మేడం" అంది ఆమని.

ఆమని పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఇది తీస్తె, లోపటి తీగ ఇంటదా?"

"వినదు. దానికి కరెంటు బయటి బిళ్లనుంచే."

"మీరు చెప్తె నమ్మాల్నా?"

ఆమని తెరవైపు వేలు చూపించింది.

"తెర ఇటు తిప్పుండ్రి. నరం గీత పెట్టుండ్రి."

ప్రణతి తెర తిప్పింది. పట్టిక పోయి గీత వచ్చింది. అది సన్నగా వణుకుతూ కుడివైపు జరుగుతోంది. ఆమని చూస్తుండగానే రెండుసార్లు ఎగిరింది.

"తియ్యకే" అంది స్వరూప. "వారం ఉన్నది కద. ఇంటికి పోయినంక చూద్దం. ఇంత మొండితనం నీకెక్కడికెల్లి వచ్చిందే?"

ఆమని ఆ మాట పూర్తిగా విన్నది. తరవాత జుట్టులోకి వేళ్లు పోనిచ్చి బిళ్ల లాగింది. చెవి మీది ముక్కతో కలిపి కాగితం మీద పెట్టింది.

తెర మీద గీత సాఫీ అయింది.

ఆమె గీతనే చూస్తూ ఒక మాట అనుకుంది. గీత కదల్లేదు. ఇంకో మాట అనుకుంది, తల్లి వింటే చెంప పగలగొట్టేది. కదల్లేదు. కుర్చీ ముందుకు లాక్కుని, తెరకు దగ్గరగా ముఖం పెట్టి, మనసులో గట్టిగా మూడోది అనుకుంది. గీత అలాగే పోతోంది.

స్వరూప ఆమె భుజం తట్టి ఏదో అడిగింది. ఆమని తిరగలేదు. ఒక చేయి ఎత్తి, ఆగమని సైగ చేసింది. అనుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి.